కడిగేసిన దండ

మనిషిని పొట్టన పెట్టుకున్నదాన్నే ఆ మనిషి పేరిట కాచి పదిమందికీ పోయడం ఏ రకం మర్యాద?

పొయ్యి మీద ఉడుకుతున్న బార్లీ రసాన్ని కలియబెడుతూ సిన్నెవా తనను తాను అడుగుతున్న ప్రశ్న అది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉంది. జవాబు దొరుకుతుందన్న ఆశ ఆమెకు లేదు. దొరకలేదన్న బాధా లేదు. గరిటె తిప్పే చేతికి ఏదో ఒక ఊతం కావాలి. పాటకు బదులు ప్రశ్న పెట్టుకుంది.

పోయినవారం మనం ఆమెను వదిలి వచ్చింది సామాన్ల కొట్టు గుమ్మంలో. దూలానికి పొగబెట్టిన గొర్రెతలలు వేలాడుతున్నాయి. వాటి పక్కన మేకుకు ఈ ఇంటి ఈస్టు దండ ఉంటుంది. చిన్న చిన్న చెక్కముక్కల్ని ఒకదానిలో ఒకటి దూర్చి అల్లిన దండ అది. పులుస్తున్న బీరులో ముంచి తీసి ఆరబెడితే చెక్క సందుల్లో మడ్డి పట్టి, మళ్ళీ కాచే రోజుదాకా అందులో ప్రాణం నిద్రపోతూ ఉంటుంది. ఆమె భర్త గిట్లె వాళ్ళ తాత చెక్కిన దండ. బూడిదరంగుగా, అట్టలు కట్టి, కొత్తవాళ్ళకు రోత పుట్టించేలా ఉండాలి. ఆమె చేతికి వచ్చింది తెల్లగా, నున్నగా, చాకిరేవు సోడా వాసనతో.

ముందు భాగాలు చేతికి అందని వారికి ఇంతవరకు చెప్తే చాలు. సిన్నెవా భర్త గిట్లె పోయి వారం దాటింది. పొరుగున ఉన్న ఓద్వార్ ఇంట్లో కొత్త బీరు రుచి చూసే సాయంత్రానికి వెళ్ళి, తిరిగి వస్తూ నది మలుపులో ట్రాక్టరుతో సహా కిందికి పోయాడు. ఎంత తాగి ఉన్నాడో లోయలో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు. శనివారం ఖననం. ఖననం అయ్యాక, పోయినవాడి ఇంటి ఈస్టుతో లేచిన బీరు బల్ల మీదికి రావాలి. అది ఎంత చిక్కగా ఉంటే పోయినవాడికి అంత గౌరవం. పలుచగా ఉంటే ఫలానా మనిషిని నీళ్ళ మీద సాగనంపారని మనవల కాలం దాకా చెప్పుకుంటారు. గిట్లె రాగి కాగు అడుగు చిట్లి, అతుకు కోసం పట్నంలో పడి ఉంది. సిన్నెవాకు మిగిలినవి జామ్ కాచే గిన్నె, బట్టలుడికించే కుండ, అడుగున చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ తొట్టి, ఒక పాత పాల క్యాను. దుకాణం నుంచి బీరు పెట్టెలు తెప్పిస్తే పోతుంది కదా అని అందరూ అన్నారు. "నేనే కాస్తాను" అంది సిన్నెవా. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె నీళ్ళు మోసింది, పీపాలు కడిగింది. కాచింది మాత్రం ఎప్పుడూ గిట్లెయే.

ఇవాళ బుధవారం. ఈ లోయ ఈస్టు దూకుడుది, రెండు రోజుల్లో పని ముగించేస్తుంది. కానీ అది ఇవాళే పడాలి.

తెల్లబడ్డ దండను ఆమె పారేయలేదు. గోరువెచ్చని తీపి రసం ఒక గిన్నెలో పోసి, దండను అందులో ముంచి, కిటికీ దగ్గర పెట్టింది. ఏ సందులోనో ఒక పొర మిగిలి ఉంటే లేస్తుంది. గంటకోసారి వెళ్ళి చూస్తోంది. రసం మీద నురగ లేదు. కిటికీ అవతలి కొండ తలకిందులుగా అందులో కదలకుండా పడి ఉంది.

"వదినా! చెయ్యి!"

ఓద్వార్ కట్టెలమోపు గుమ్మంలోనే పడేసి వచ్చి ఆమె మణికట్టు పట్టి ఇవతలికి లాగాడు. గిన్నె అంచుకు ఆని చర్మం ఎర్రగా కమిలి ఉంది. సిన్నెవా దాన్ని వింతగా చూసింది.

"నొప్పి తెలియలేదా?"

"తెలిసే ఉంటుంది" అంది సిన్నెవా. "నాకు చెప్పలేదు."

ఓద్వార్ గిన్నెలోకి తొంగిచూశాడు. పొద్దున గిన్నె నిండా ఉన్న రసం సగానికి పైగా తగ్గింది. ముదురు ఎరుపు, దాదాపు నలుపు. గరిటె మీది చుక్కను వేలికి తీసుకుని బొటనవేలితో రుద్దాడు.

"అబ్బో! వేళ్ళు ఊడిరావటం లేదు. ఇది పులిసిందంటే పాస్టరుగారు ఒక్క గ్లాసుకే ఆమెన్ మరిచిపోతారు. రెండో ధార ఎక్కడ పట్టావు?"

"పట్టలేదు."

మాల్టును, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, జునిపర్ కొమ్మల మీద పరిచి వేడినీళ్ళు పోస్తే మొదట దిగేది చిక్కటి రసం. అది దిగిపోయాక మళ్ళీ నీళ్ళు పోస్తే రెండో ధార వస్తుంది. అది కోతల రోజుల్లో దాహానికి తాగే పలుచని బీరుకు. ఉన్నవి చిన్న గిన్నెలైనప్పుడు రెండూ కలిపి కాచడం ఎవరైనా చేసే పని.

"పట్టలేదా? పిచ్చిదానివా వదినా? నలభైమంది వస్తారు. ఈ కాస్త మనిషికి ఒక గ్లాసు కూడా కష్టమే. రెండోది కలిపితే కడుపునిండా తాగుతారు, ఎవరికీ తేడా తెలియదు."

"ఒక్క గ్లాసే తాగుతారు. చిక్కగా ఉండనీ."

"సరే తల్లీ, నీ ఇష్టం." ఓద్వార్ చేతులు తుడుచుకుంటూ కిటికీ వైపు నడిచాడు. గిన్నెలో చూసి నవ్వాడు. "ఇదేంటి, దండకి తలంటు పోశారా?" దండను పైకెత్తి వాసన చూశాడు. "అయ్యో. ఎవరి పని ఇది?"

"ఇల్లు శుభ్రం చేయడానికి మొన్న ఆడవాళ్ళంతా వచ్చారు కదా. ఎవరో."

"పట్నం నుంచి వచ్చిన కోడలెవరో అయ్యుంటుంది. వాళ్ళకి దుమ్ము కనపడితే చాలు, ఆవునైనా కడిగి ఆరేస్తారు." దండను తిరిగి రసంలో వదిలాడు. "రొట్టెల ఈస్టు వేద్దామా? వేస్తే మాత్రం గిట్లె పెట్టెలోంచి లేచి కూర్చుని..."

మధ్యలో ఆగిపోయాడు. సిన్నెవా నవ్వలేదు; నవ్వకూడదనీ అనుకోలేదు. గిట్లె నిజంగానే లేచి కూర్చునేవాడు. ఆ ముఖం, ముక్కు చిట్లించి, ఆమెకు స్పష్టంగా కనిపించింది. కనిపించినా లోపల ఏదీ కదలలేదు. దుఃఖం లేకపోవడం అంటే ఖాళీగా ఉండడం కాదేమో. నిండిన పీపా కూడా తడితే మోగదు.

"మా ఇంట్లో ఉంది కదా!" ఓద్వార్ ముఖం వెలిగింది. "మా ఫ్రిజ్‌లో సీసాడు మడ్డి, తాజాది. మొన్నటి బీరుదే, ఇప్పుడే తెచ్చి..."

ఈసారి ఆ మాట అతని చెవికి అతనికే వినబడింది. మొన్నటి బీరు. నలుగురూ గ్లాసులెత్తి రుచి చూసిన బీరు. బల్ల పట్టుకుని కూర్చున్నాడు.

"ఉండిపొమ్మన్నాను వదినా. మంచం కూడా వేశాను. బూట్లు దాచేశాను. మేజోళ్ళతోనే వెళ్ళి ట్రాక్టరెక్కాడు."

"తెలుసు."

"ఒక్క తిట్టయినా తిట్టు నన్ను."

"వెతికాను" అంది సిన్నెవా. "తిట్లేవీ మిగల్లేదు."

చివరికి ఓద్వార్, ఆమె ముఖం చూడకుండా, "ఈ ఇంటి ఈస్టు ఇంకొక్క చోటే ఉంది. నీకూ తెలుసు" అన్నాడు.

తెలుసు. గిట్లె అన్న అస్లాక్ పెళ్ళి చేసుకుని నది అవతలి ఒడ్డుకు వెళ్ళినప్పుడు తండ్రి దండలోంచి సగం ముక్కలు విప్పి తీసుకెళ్ళాడు. ఏటా పండక్కి కాస్తాడట. రుచి చూడ్డానికి ఎవర్నీ పిలవడట. పదకొండేళ్ళుగా అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. తండ్రి చావు విందుకు బీరు కాచింది పెద్దకొడుకు అస్లాక్. గ్లాసులు నింపాక గిట్లె ఒక గుక్క తాగి, లేచి నిలబడి, నలుగురిలో అన్నాడు: "నాన్నని నీళ్ళ మీద సాగనంపావు కదరా అన్నా." అస్లాక్ గ్లాసు బోర్లించి బయటికి నడిచాడు. అంతే.

సిన్నెవా పొయ్యి ఆర్పి ఫోను అందుకుంది.

"అస్లాక్ బావగారూ, నేను సిన్నెవాని."

"నంబరు చూశాను." గొంతు గిట్లెదే, కాస్త ఎండినది. "విన్నానమ్మా. శనివారం అట కదా. నేను రాలేను. పూలు పంపిస్తాను."

"పూలు వద్దు. మీ ఇంటి ఈస్టు కావాలి. మాది పోయింది."

"గిట్లె బీరుకి నా ఈస్టా?" అన్నాడు. నవ్వినట్టూ ఉంది, కాదన్నట్టూ ఉంది. "నాది నీళ్ళ చెయ్యి కదమ్మా. మీ ఆయనే బిరుదిచ్చాడు, పదిమంది ముందు."

"ఆయన అన్నది ఆయన అన్నాడు. ఇప్పుడు అడిగేది నేను."

"నువ్వడిగితే కాదనడం నాకూ కష్టమే. కానీ చూడు సిన్నెవా, నాన్న బీరుకి నేను వాడింది అదే మాల్టు, అదే కాగు, అదే ఈస్టు. పొద్దున రుచి చూస్తే నాలుక మీద నిలబడింది. మధ్యాహ్నం బల్ల మీదికి వచ్చేసరికి నీళ్ళు. ఎక్కడ తప్పు చేశానో ఇప్పటికీ తెలీదు. ఏటా కాస్తున్నాను, అది తెలుసుకోడానికే. చిక్కగానే వస్తుంది. అయినా ఇంకొకరికి పోయాలంటే చెయ్యి రాదు. ఇప్పుడు తమ్ముడిది కూడా పలుచబడితే? ఒకే ఇంట్లో ఇద్దర్ని నేను ముంచానంటారు. వద్దమ్మా. ఇంకెవర్నైనా అడుగు."

ఫోను పెట్టేశాడు. సిన్నెవా కూడా పెట్టేసింది. కిటికీ దగ్గర గిన్నెలో కొండ అలాగే ఉంది.

ఇద్దరూ కలిసి కుండను, గిన్నెను పెరట్లోకి మోసి, కొండమీంచి గొట్టంలో పడే చల్లటి నీళ్ళ తొట్టిలో దించారు. రసం అప్పుడే పితికిన పాలంత వెచ్చగా అయ్యేదాకా చల్లారాలి. అంతకన్నా దిగితే ఈ ఈస్టు ఒళ్ళు విరవదు. ఈస్టు అంటూ ఉంటే. "క్యాను కడిగి ఎండలో పెడతాను. ఏమో, ఆలోగా ఏదో ఒకటి తడుతుంది" అని గొణుక్కుంటూ ఓద్వార్ పశువుల కొట్టం వైపు వెళ్ళాడు. సిన్నెవా తొట్టి గట్టు మీద కూర్చుంది. అక్టోబరు ఎండ పల్చగా ఉంది. పైకొండ మీద కొత్త మంచు పడింది.

పెరటి చివరి చిన్న ఇంట్లోంచి అత్తగారు మార్గిట్ వచ్చింది, చంకలో కాఫీ ఫ్లాస్కు, చేతిలో వెన్న రాసిన పల్చటి రొట్టెలు. ఎనభై మూడేళ్ళ మనిషి. కొడుకు పోయాడన్న కబురు విన్న రోజు నుంచి ఆమె కూడా ఏడవలేదు. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

"తిను. పొద్దుటి నుంచి ఏమీ తినుండవు."

"తింటాను అత్తయ్యా."

"తింటాను అనడం కాదు, తిను." మార్గిట్ ఫ్లాస్కు మూత తిప్పబోయింది. మూత కదల్లేదు. ఆమె వేళ్ళు వంగడం లేదు. కణుపుల దగ్గర చర్మం పొరలు పొరలుగా లేచి, సందుల్లో ఎర్రగా పగిలి ఉంది.

సిన్నెవా ఆ వేళ్ళను చూసింది. ఫ్లాస్కు అందుకుని మూత తీసింది. రెండు కప్పుల్లో పోసింది. తనది తాగింది. అప్పుడు అడిగింది.

"దండ మీరే కడిగారా అత్తయ్యా?"

మార్గిట్ కప్పు కింద పెట్టలేదు. "అవును."

"మురికి అనుకున్నారా?"

"అరవై ఏళ్ళు ఈ ఇంట్లో ఉన్నదాన్ని. మురికేదో, ఈస్టేదో నాకు తెలియదా? తెలిసే కడిగాను. సోడా వేసి, మరిగే నీళ్ళు పోసి, రెండుసార్లు. బ్రష్షుతో తోమాను." ఒక గుక్క తాగింది. "తోముతుంటే ఒక ముక్క మీద వాడి బొటనవేలి గుర్తు కనపడింది, మడ్డిలో. పోయినసారి ముంచినప్పుడు పడ్డదై ఉంటుంది. అది కూడా తోమేశాను."

గొట్టంలోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు. తాను ఇప్పుడు కోప్పడాలి అనుకుంది సిన్నెవా. కోపం ఎక్కడుంటుందో గుర్తుంది. అక్కడికి వెళ్ళి చూసింది, తలుపు వేసి ఉంది.

"ఎందుకు?"

"నా మొగుణ్ణి తినింది. ఇప్పుడు నా కొడుకుని తినింది. ఈ ఇంట్లో అది ఇంక బతకకూడదని. నువ్వు పిల్లదానివి, నీకు..."

"నాకు యాభై ఆరు అత్తయ్యా."

"అయినా పిల్లదానివే. మామయ్యగారిని నువ్వు ముసలితనంలో చూశావు. కుర్చీలో కూర్చుని పాటలు పాడుకునే ముసలాణ్ణి చూశావు. అంతకు ముందు మనిషిని నేను చూశాను. తాగితే చేతికందింది విసిరేవాడు. ఓసారి నేనే అందాను." మార్గిట్ గొంతు పాలు పితికే లెక్క చెప్పినంత మామూలుగా ఉంది. "పొద్దున్నే ఏమీ ఎరగనట్టు లేచి ఆ దండనే ముద్దుపెట్టుకునేవాడు. పోయాక ఊరంతా వచ్చింది. ఎంత మనిషి, ఎంత మనిషి అని. అస్లాక్ బీరు కాచాడు. పాపం ఎంత చిక్కగా కాచాడో! పొద్దున రుచి చూశాను. నోట్లో పెట్టుకుంటే కాలిపోయింది. ఇది తాగి అందరూ ఆయన్ని గొప్పవాణ్ణి చేస్తారు కదా అనిపించింది. అంత చిక్కటి మర్యాద ఆయనకి దక్కడం నాకు ఒప్పలేదు."

సిన్నెవా కప్పు గట్టు మీద పెట్టింది. "ఏం చేశారు?"

"అందరూ చర్చికి వెళ్ళారు. ఒంట్లో బాగాలేదని నేను వెనక ఉండిపోయాను. ఇదిగో, ఈ గొట్టం దగ్గరే. బకెట్టుతో పట్టి పీపాలో పోశాను. మళ్ళీ పట్టి మళ్ళీ పోశాను."

పశువుల కొట్టంలో ఓద్వార్ క్యాను దొర్లించాడు. ఆ మోత పెరడంతా తిరిగి ఆగిపోయింది.

"ఆయన్ని కొట్టాలనుకుంటే దెబ్బ అస్లాక్ బావకి తగిలింది" అంది సిన్నెవా.

"నాకు తెలియదా?" మొదటిసారి మార్గిట్ గొంతు లేచింది. "గిట్లె అలా లేచి అరుస్తాడని నేను కల కన్నానా? అస్లాక్ బయటికి వెళ్తూ నా వైపే చూశాడు. అమ్మా, నువ్వైనా చెప్పవే అన్నట్టు. అప్పుడే చెప్పాలి. నోరు పెగల్లేదు. రాత్రికి చెబుదామనుకున్నాను. తెల్లారి చెబుదామనుకున్నాను. మొదట్లో చెప్పడానికి సిగ్గు. తర్వాత్తర్వాత చెప్పకపోవడం అలవాటైపోయింది. ఇద్దరూ ఎప్పుడో ఒకప్పుడు కలవకపోతారా, వాళ్ళే మరిచిపోరా అనుకున్నాను. ఇప్పుడు ఒకడు..." ఆగింది. "పారబొయ్యి ఆ రసం. శనివారం కాఫీ పోద్దాం. కాఫీ తాగి ఎవరూ నదిలో పడరు."

న్యాయమైన మాటే. సిన్నెవా లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడింది. కుండను వంచితే చాలు, రసం బురదలో కలిసిపోతుంది, ఒక పని ముగుస్తుంది. చేతులు కుండ చెవుల మీద వేసి ఆ సంగతి నిజంగానే ఆలోచించింది. చంపినదాన్ని పోయకపోవడంలో ఒక శుభ్రత ఉంది. దండ లాంటి శుభ్రత. సోడా వాసన వేసే శుభ్రత.

గిట్లె ఎన్నడూ చెయ్యెత్తిన మనిషి కాదు. తాగితే పాడేవాడు, పాడి నిద్రపోయేవాడు. అది నిజం. తాగి ట్రాక్టరెక్కాడు, బూట్లు లేకుండా, తనను పిలుస్తున్న స్నేహితుణ్ణి లెక్కచెయ్యకుండా. అదీ నిజం. ఈ వారంరోజులుగా వచ్చినవాళ్ళందరూ మొదటిది చెప్పి రెండోది మింగారు. ప్రమాదం అన్నారు, మలుపు మంచిది కాదన్నారు, దేవుడి చిత్తం అన్నారు. తాను తల ఊపింది. ఒక్కొక్కరూ ఒక్కో బకెట్టు పోశారు. పీపా పట్టుకుని నిలబడింది తాను.

వేలు రసంలో ముంచి చూసింది. వేడి తగ్గుతోంది, ఇంకా పాలకన్నా ఎక్కువే.

"పారబొయ్యను అత్తయ్యా. చిక్కగానే పోస్తాను. మనిషికో గ్లాసు. పోశాక లేచి నిలబడి, ఆయన ఎలా పోయాడో నేనే చెప్తాను. తాగి పోయాడని, ఆ మాటతోనే చెప్తాను. విన్నాక తాగాలనిపిస్తే తాగుతారు, లేకపోతే గ్లాసు బోర్లిస్తారు."

మార్గిట్ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "పోయినవాడి పరువు తీస్తావా?"

"నిజం దాచి నిలబెట్టిన పరువు ఏమైందో ఇప్పుడే చెప్పారు కదా."

మార్గిట్ రొట్టె ముక్క తుంచి, తినకుండా చేతిలోనే నలిపింది.

"మీ శాలువా తెచ్చుకోండి" అంది సిన్నెవా.

"ఎక్కడికి?"

"అవతలి ఒడ్డుకి."

ముసలామె చేతిలోని రొట్టె రాలింది. "వాడు ఈస్టు ఇవ్వనన్నాడు. నువ్వు ఫోను చేయడం కిటికీలోంచి చూశాను, నీ ముఖం చూస్తేనే తెలిసింది."

"అడగడానికి వెళ్ళటం లేదు. రసమే అక్కడికి తీసుకెళ్తున్నాం. అక్కడే పులుస్తుంది, ఆయన చేత్తో వేస్తే. వేయాలంటే తన చేతిలో తప్పు లేదని ఆయనకి తెలియాలి. అది చెప్పగలిగేది మీరొక్కరే."

"నువ్వు చెప్పు! నువ్వు చెప్తే చాలదూ? నేను ఒప్పుకున్నానని చెప్పు, ఒట్టేశానని చెప్పు. ఈ వయసులో వాడి ముందు నిలబడి..." మార్గిట్ గట్టును పట్టుకుంది. "నేను పోయాక చెప్పు సిన్నెవా. నీకు దండం పెడతాను. నేను పోయాక నీ ఇష్టం."

సిన్నెవా ఒక్క క్షణం తటపటాయించింది. జాలి వేయాల్సిన చోట వేసిందో లేదో ఆమెకు తెలియలేదు. జాలి ఉన్నా, లేకపోయినా, చేయాల్సిన పని ఒకటే అన్నది మాత్రం తేలిపోయింది. పదకొండేళ్ళు ఒక మనిషి ఒంటరిగా బీరు కాచుకుంటూ తన తప్పేమిటని వెతుకుతున్నాడు. ఇంకొక్క పూట కూడా అతన్ని వెతకనివ్వడం ఆమె వల్ల కాదు.

"ఓద్వార్!" పిలిచింది. "క్యాను పట్రా! గొర్రెతోలు కూడా!"

ఆమె గొంతులో ఏం విన్నాడో, ఓద్వార్ పరుగున వచ్చాడు. ఒకరు గుడ్డ పట్టారు, ఒకరు వంచారు. చేదు కోసం వేసిన హాప్ పూల పిప్పి గుడ్డలో మిగిలింది. రసం నల్లగా, బరువుగా, చప్పుడు లేకుండా క్యానులోకి దిగింది. మెడదాకా కూడా రాలేదు. గొర్రెతోలు చుట్టి తాడుతో కట్టారు. "ఎక్కడికి వదినా?" అని అడిగాడు ఓద్వార్. చెప్పింది. అతను మార్గిట్ ముఖం ఒకసారి చూశాడు. క్యాను ఎత్తి కారు వెనక సీట్లో పెట్టాడు.

"ముందు కూర్చుంటాను" అంది మార్గిట్, శాలువా చుట్టుకుంటూ. ఎప్పుడు వెళ్ళి తెచ్చుకుందో ఎవరూ చూడలేదు.

"వెనకే కూర్చోండి. మలుపుల్లో అది ఒరిగిపోతుంది. పట్టుకోవాలి."

మార్గిట్ ఎక్కింది. పగిలిన చేతులు రెండూ గొర్రెతోలు చుట్టూ వేసి క్యానును ఒళ్ళోకి ఆనించుకుంది. ఓద్వార్‌ను పెరట్లోనే వదిలి సిన్నెవా కారు తీసింది.

నది మలుపు దగ్గర కొత్త కర్రలు పాతి ఎర్ర రిబ్బను కట్టి ఉంది; చక్రాలు గీసిన మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. సిన్నెవా వేగం తగ్గించలేదు, పెంచలేదు. వెనక సీట్లో ముసలామె గట్టిగా కళ్ళు మూసుకుంది. వంతెన మీద చెక్కలు కారు కింద టకటకలాడాయి. అవతలి ఒడ్డున దారి సన్నబడింది. బిర్చ్ చెట్ల ఆకులు సగం రాలిపోయి ఉన్నాయి.

అస్లాక్ ఇంటి ముందు కట్టెలు కొడుతున్నాడు. కారును గుర్తుపట్టి గొడ్డలి మొద్దులో దింపాడు. ఎదురు రాలేదు. వెనక్కీ వెళ్ళలేదు. తమ్ముడి నడుమే, తమ్ముడి భుజాలే, జుట్టు మాత్రం పూర్తిగా తెల్లబడింది. ముందు సీటు చూశాడు. తరువాత వెనక సీటు చూశాడు. పదకొండేళ్ళుగా తన గడప తొక్కని తల్లి పాల క్యానును కౌగిలించుకుని కూర్చుని ఉంది.

సిన్నెవా చెయ్యి వెనక్కి చాచి, గొర్రెతోలు లోపలికి దూర్చి, క్యాను ఒంటిని తడిమింది. పాలంత వెచ్చగా ఉంది. సరిగ్గా ఇప్పుడే వెయ్యాలి. కాసేపట్లో దాటిపోతుంది.

"ఏమని మొదలుపెట్టను?" మార్గిట్ గుసగుసలాడింది. "ఏమని మొదలుపెట్టమంటావే?"

"బకెట్ల దగ్గర్నుంచి" అంది సిన్నెవా. కారు దిగి, అటు తిరిగి వచ్చి, అత్తగారి వైపు తలుపు బార్లా తెరిచింది.